ప్రొద్దుటూరులో పడే గేరు

మా ఇంటి ట్రాక్టరు గేరు మార్చేటప్పుడు వచ్చే చప్పుడు వింటే నాకు పళ్లు పులిసిపోయేవి. మా మామ కడ్డీని రెండు చేతులా పట్టుకుని, సీటు మీద నుంచి సగం లేచి, ఒళ్లంతా వేసి తోసేవాడు. లోపల పళ్లు పళ్లు కొరుక్కునేవి. అప్పటికీ పడకపోతే మడమతో తన్నేవాడు. పడిందంటే బండి ఒక్క దూకు దూకేది. ఆ దూకే బండి మడ్‌గార్డు మీద నా కూతురు కూర్చుని ఉండేది. దానికి ఇంకా నాలుగేళ్లు నిండలేదు.

ఆ బండి నాకంటే పెద్దది. నా భర్త చిన్నప్పుడు చెన్నూరులో ఎవరో వాడి వదిలేసిన దాన్ని మామ కొన్నాడట. అప్పుడు ఎర్రగా ఉండేదని చెబుతారు. నేను కాపురానికి వచ్చేసరికి ఇటుకరాయి రంగుకు తిరిగింది. ఇంట్లో దానికి జరిగే మర్యాద నాకు ఎప్పుడూ జరగలేదు. పొద్దున్నే మామ దాని బానెట్ తుడిచి, కుంకుమ బొట్టు పెట్టి, దణ్ణం పెట్టాకే కాఫీ తాగుతాడు. చెప్పులు కింద విడిచి, వట్టికాళ్లతో ఎక్కుతాడు. ఎండాకాలంలో కాళ్ల కింద ఇనుము కాలుతుందని గోనెపట్ట పరుచుకునేవాడు. ఎవరైనా చెప్పులతో దాని మీద కాలు పెడితే, దేవుడి గదిలోకి చెప్పులతో వచ్చినట్లే లెక్క.

నేను పెట్టాను.

మాది పులివెందుల పక్క. చీనీ, అంటే బత్తాయి, తోటల మధ్య పెరిగాను, అక్కడే డిగ్రీ చేశాను. పెళ్లయ్యాక జమ్మలమడుగుకు, ప్రొద్దుటూరుకు నడుమ ఉన్న ఈ నల్లరేగడి ఊరికి వచ్చాను. ఇక్కడ శనగ, పత్తి తప్ప మరో మాట వినపడదు. నా భర్త ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగట్లో పనిచేస్తాడు. పొద్దున బస్సుకు పోయి చీకటి పడ్డాక వస్తాడు. పగలంతా నేను, పాప, అత్త, మామ, ఆ ట్రాక్టరు.

పోయిన ఏడు ఒక మధ్యాహ్నం పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. తిరిగి చూస్తే పాప ట్రాక్టరు సీటు మీద నిలబడి, గేరు కడ్డీని పట్టుకుని ఊగుతోంది. ఎలా ఎక్కిందో ఇప్పటికీ తెలియదు. నేను పరుగెత్తి, కాలికి ఉన్న చెప్పులతోనే ఎక్కి, దాన్ని చంకన వేసుకుని దిగాను. దిగేసరికి ఎదురుగా అత్త.

"డిగ్రీ సదివినావు కదమ్మా, చెప్పులు యాడ ఇడ్సాలో అందులో సెప్పల్యా?"

"పాప పడిపోతాందని ఎక్కినా అత్తా."

"పడిపోతాంటే నన్ను పిలిస్తే నేను రానా? నాకు కాళ్లు లేవా?"

సాయంత్రానికి అది ఇంటి వార్తయింది, మరుసటి పొద్దుకు ఊరి వార్తయింది. మామ బండిని పసుపునీళ్లతో కడిగాడు. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. నా చెప్పులు తాకిన గోనెపట్టను పెంటదిబ్బలో పారేశాడు. దాని బదులు జమ్మలమడుగు దారిలోని కంకర మిషన్ నుంచి, వాడి తీసేసిన నల్ల రబ్బరు బెల్టు తెచ్చాడు. రెండు వేళ్ల మందం వచ్చేలా రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి వేసి, కాళ్లు పెట్టుకునే చోట ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పట్టాలా పరిచాడు. ఊళ్లో వాళ్లు వచ్చి ముట్టుకుని చూసి పోయారు. "పరుపు వేసినావు కదప్పా బండికి" అన్నారు. మామ మీసం దువ్వుకున్నాడు.

ఆ తర్వాత చేసిన మొదటి సేద్యంలోనే గేరు మొరాయించింది.

కారణం ఎవరూ వెతకలేదు. వెతకాల్సిన పని వాళ్లకు లేదు, కారణం వంటింట్లో అన్నం వండుతోంది. "ఆ పొద్దు చెప్పులతో ఎక్కింది, ఆ పొద్దు నుంచి పడల్యా" అని అత్త బోరింగు దగ్గర చెప్పింది, ఆటోలో చెప్పింది, బ్రహ్మంగారిమఠానికి పోయి వచ్చి అక్కడి విభూతి పొట్లం స్టీరింగుకు కడుతూ నాకు వినపడేలా మళ్లీ చెప్పింది. పక్కింటివాళ్లు మిక్సీ చెడిపోతే నా వంక చూసి నవ్వేవారు. నేను తల తిప్పుకుని పనిలో పడేదాన్ని. మనసులో మాత్రం ప్రతిరోజూ ఆ బండికి నిప్పు పెట్టేదాన్ని.

పాప దాని మీద ఎక్కకుండా ఉంటే నేను ఈ మాటలన్నీ మోసేదాన్ని. కానీ మా ఇంట్లో బిడ్డలు మడ్‌గార్డు మీదే పెరగాలి. అది మామ పట్టు. పొలానికి పోయేటప్పుడు పాపను ఎత్తి కూర్చోబెట్టి, ఒక చేత్తో దాని గౌను పట్టుకుని, ఇంకో చేత్తో స్టీరింగు తిప్పేవాడు. గేరు మార్చాలంటే రెండు చేతులూ కావాలి. అప్పుడు గౌను వదిలేస్తాడు. సరిగ్గా బండి దూకేది అప్పుడే.

"మామా, గేరు బాగయ్యేదాకా పాపను ఎక్కించొద్దు" అని అడిగాను. ఒకసారి కాదు.

"నీ మొగుడు ఈడ్నే కూసోని పెరిగినాడు. సచ్చినాడా?"

"అప్పుడు బండి ఇట్ల ఎగిరేది కాదు కదా."

"మరి ఇప్పుడు ఎవరి పున్యాన ఎగురుతాంది?"

అంతే.  పాప కూడా నా వైపు కాదు. ఇంజన్ చప్పుడు వినగానే "అబ్బా, నేనూ" అని పరుగెత్తేది. నాయనకు నాయనను మా వైపు అబ్బ అంటాం. నేను చేయి పట్టి ఆపితే అబ్బ వైపు చూస్తూ ఏడ్చేది. వాళ్లిద్దరూ వెళ్లి తిరిగి వచ్చేదాకా నేను ఏ పని మొదలుపెట్టినా సగంలో వదిలేసేదాన్ని. దూరంగా గేరు పళ్లు అరిస్తే కూరగాయలు కోసే కత్తి పట్టుకుని అలాగే నిలబడేదాన్ని. మళ్లీ ఇంజన్ మామూలుగా వినపడ్డాకే ఊపిరి తీసుకునేదాన్ని.

చివరికి నా పోరు పడలేక మామ బండిని ప్రొద్దుటూరుకు మెకానిక్ దగ్గరికి తీసుకుపోవడానికి ఒప్పుకున్నాడు. బయలుదేరే ముందు బెల్టు ముక్కలు రెండూ తీసి గోడకు ఆనించాడు. "ఆడ షెడ్లో వాళ్లు గ్రీసు చెప్పులతో ఎక్కుతారు. నా పట్టా మైల పడ్తాది" అన్నాడు. బండి ఎక్కే వాళ్లను ఆపలేడు, పట్టానైనా కాపాడుకుందామని. ఆ రోజు తన కాళ్ల కింద పాత తువ్వాలు ఒకటి వేసుకుని పోయాడు.

సాయంత్రం తిరిగి వచ్చి చెప్పింది ఇదీ. మెకానిక్ ఎక్కి, షెడ్డు ముందు ఆ చివర నుంచి ఈ చివరకు నడిపి చూశాడు. అన్ని గేర్లూ పడ్డాయి. ముందుకీ వెనక్కీ పడ్డాయి. నూనె మార్చాడు, అవసరం లేకపోయినా. "పెద్దాయనా, దీనికేం రోగం ల్యాదు. గాలి మార్పు కావాల్సి వచ్చిందేమో" అని నవ్వాడట. పోయేటప్పుడూ పడ్డాయి, తిరిగి వచ్చే దారి పొడుగునా కూడా పడ్డాయి. మామ సంతోషంగా దిగి, కాళ్లు కడుక్కుని, బెల్టు ముక్కలు మళ్లీ పరిచాడు.

పొద్దున గేరు పడలేదు.

అత్త వాకిలి ఊడ్చే చీపురు ఆపింది. నా దగ్గరకు వచ్చి, కోపంగా కూడా కాదు, లెక్క అడిగే పంతులులా అడిగింది.

"ప్రొద్దుటూరులో పడ్తాది. పోయే దారిలో పడ్తాది, వచ్చే దారిలో పడ్తాది. మన వాకిట్లోకి వస్తే పడదు. మన వాకిట్లో ఏముందో నువ్వే సెప్పు."

 ఆ ప్రశ్నలో తప్పు కనపడలేదు, అదే నా కడుపుమంట. కాలేజీలో నేర్చుకున్నదంతా తలకిందులు చేసి చూశాను. మారనిది ఏది, మారింది ఏది అని చూస్తే, మామ ప్రొద్దుటూరు పోయినప్పుడు వెనక ఉండిపోయినదాన్ని నేనే. గోడకు ఆనించిన పట్టా సంగతి నాకు తట్టలేదు. నన్నే అనుమానిస్తున్న ఇంట్లో ఉండి ఉండి, నన్ను తప్ప వేరే దేన్నీ చూడలేని స్థితికి నేనూ వచ్చాను.

ఆ రాత్రి నా భర్త అన్నం తింటూ, తల ఎత్తకుండా అన్నాడు.

"ఒక టెంకాయ కొట్టి బండికి మొక్కరాదా? పోయేదేముంది? గొడవ వదిలిపోతాది."

"నేనేం తప్పు చేసినానని మొక్కాల?"

"తప్పు చేసినావని ఎవరన్నారు. ఊరికే మొక్కమంటాండా."

"ఊరికే అయితే నువ్వే మొక్కు."

అతను కంచంలోనే చేయి కడిగాడు. ఈ ఇంట్లో అతని పద్ధతి అది. అందరికీ మంచివాడు. నాకు తప్ప ఎవరికీ కష్టం లేకుండా చూస్తాడు.

శనగ కోతల కాలం వచ్చింది. కూలీలు ముందే పొలానికి పోయారు. మామ తొందరలో ఉన్నాడు. పాపను ఎక్కించొద్దని నేను వాకిట్లో అడ్డం నిలబడ్డాను. "పనికి పోయేటప్పుడు ఎదురు రావద్దు" అని అత్త నన్ను పక్కకు లాగింది. మా వాకిలి నుంచి రోడ్డుకు ఎక్కాలంటే చిన్న మిట్ట ఉంది. మామ మిట్ట సగంలో గేరు మార్చబోయాడు. అరుపు. మడమతో తన్నాడు. బండి దూకింది. పాప ముందుకు పడింది. గడ్డం మడ్‌గార్డు మీది లైటు కమ్మీకి కొట్టుకుని, జారి మామ కాళ్ల మధ్య పట్టా మీద పడింది. ఇంకో జానెడు పక్కకు పడి ఉంటే చక్రం ముందు పడేది. నేను ఆ జానెడు గురించి ఇప్పటికీ ఆలోచిస్తాను, ఆలోచించకుండా ఉండలేను.

మామ బ్రేకు తొక్కాడు. దిగకముందే పాపను ఎత్తి గుండెకు హత్తుకోవడం నేను చూశాను. చూశాను కాబట్టి చెబుతున్నాను, అతనికీ పాప అంటే ప్రాణమే. కానీ నోటి నుంచి వచ్చిన మాట మాత్రం, "గట్టిగా పట్టుకోమంటే పట్టుకోల్యా" అని. మూడేళ్ల పిల్ల మీద వేశాడు తప్పు.

జమ్మలమడుగు ఆసుపత్రిలో గడ్డానికి కుట్లు వేశారు. పాప అరుపులకు నేను చెవులు మూసుకోలేదు, మూసుకుంటే దాన్ని పట్టుకునే చేయి ఉండదు. ఎలా తగిలిందని డాక్టరమ్మ అడిగితే అత్త "ఆడుకుంటా పడింది" అంది. నేను "ట్రాక్టరు మీద నుంచి" అన్నాను.  ఇల్లు చేరాక అత్త అంది, "పట్టా మీద నెత్తురైంది. కడిగెయ్. మామ రేపు వట్టికాళ్లతో ఎక్కాల."

కడిగాను. పాప నెత్తురు నేనే కడిగాను. బెల్టు ముక్కలు రెండూ కిందికి లాగి, కుళాయి కింద పీచుతో తోమి, గోడకు ఆనించాను.

మరుసటి పొద్దున మామ ఇంజన్ వేశాడు. నేను పెనం మీద దోశ పోస్తూ, అలవాటుగా భుజాలు బిగించుకుని ఎదురుచూశాను. పళ్లు కొరికే చప్పుడు రాలేదు. ఒకటి పడింది. రెండు పడింది. వెనక్కి పడింది. మామ ఇంజన్ ఆపి, పెళ్లికొడుకు ముఖంతో లోపలికి వచ్చాడు.

"పడిందే. వెన్నలో వేలు పెట్టినట్ల పడింది."

అత్త రెండు చేతులూ జోడించి ట్రాక్టరు వైపు తిరిగింది. "బిడ్డ నెత్తురు సూసింది. ఇంగ దాని కోపం తీరిపోయినట్లే."

పాప అప్పుడు నడవాలో పడుకుని ఉంది. గడ్డానికి తెల్లటి కట్టు. నేను దాని వంక చూశాను, అత్త వంక చూశాను. పెనం మీద దోశ మాడుతోంది. మాడనిచ్చాను. ఇంకో ఏడు తర్వాత గేరు మళ్లీ పట్టుకుంటే వీళ్లు దానికి ఏం చూపిస్తారు అనిపించింది. ఆ కోపంలోనే నా బుర్ర పనిచేసింది. నిన్న లేనిది ఈ రోజు ఏముంది? నిన్న ఉన్నది ఈ రోజు ఏది లేదు? గోడకు ఆనించిన పట్టా కిటికీలోంచి కనపడుతోంది. ప్రొద్దుటూరు పోయిన రోజు కూడా అది అక్కడే ఉంది.

నేను చెప్పులు వేసుకునే బయటికి వెళ్లాను. చెప్పులతోనే ఎక్కి సీటులో కూర్చున్నాను. ఎడమ కాలితో క్లచ్ తొక్కాను. బరువుగా దిగి, అడుగున ఇనుముకు తగిలింది. దిగి, బెల్టు ముక్కలు రెండూ ఎత్తి ఎప్పటిలా పరిచి, మళ్లీ తొక్కాను. పెడల్ పట్టాకు తగిలి ఆగిపోయింది. ఎంత తొక్కినా రెండు వేళ్లు ఎడంగానే ఉండిపోయింది. పట్టా మీద పెడల్ తగిలే చోట, ఏడాది రాపిడికి, రూపాయి బిళ్ల మాదిరి నున్నగా ఒక మచ్చ. క్లచ్ అడుగుదాకా దిగితేనే ఇంజన్ గేరు పెట్టెను పూర్తిగా వదులుతుంది. వదలకపోతే తిరుగుతున్న పళ్ల మధ్యకు గేరును తోయాలి. మామ ఏడాదిగా చేస్తున్నది అదే.

వాళ్లు చెప్పిన రోజు నిజమే. నేను చెప్పులతో ఎక్కిన రోజు నుంచే గేరు చెడింది. ఆ మైల పోవడానికి వేసిన పరుపే దాన్ని చెడగొట్టింది.

అత్త చూసింది. "అయ్యో అయ్యో, మళ్లీ చెప్పులతో ఎక్కింది సూడండ్రా" అంది. మామ పరుగెత్తి వచ్చాడు.

"దిగు మే."

"దిగను. ఒక్కసారి ఈ క్లచ్ తొక్కి సూడు మామా."

"నువ్వు నాకు నేర్పిస్తావా? నేను దీన్ని తోలబట్టి ఎన్నేండ్లయిందో తెల్సా నీకు?"

"తెలుసు. నిన్న ఏమైందో కూడా తెలుసు."

నా భర్త పాప కోసం ఆ రోజు పనికి పోలేదు. లుంగీ సర్దుకుంటూ వచ్చి, "గమ్మునుండు" అని నాకు చెప్పి, నన్ను దింపి, తను ఎక్కాడు. పట్టా ఉండగా తొక్కాడు. పట్టా తీసి తొక్కాడు. మళ్లీ వేసి తొక్కాడు. అతని ముఖం మారడం చూశాను. నాకోసం మారలేదు, నాయనకు ఎలా చెప్పాలా అని మారింది.

"నాయనా... పట్టా అడ్డం పడ్తాంది."

మామ వంగి, పట్టా మీది నున్నటి మచ్చను వేలితో తడిమాడు.  "నాకు శానా దినాల నుంచి అనుమానంగానే ఉన్నింది" అన్నాడు.

రంపం బ్లేడు తెప్పించి, క్లచ్ కింద వచ్చే మూలను తనే కోశాడు.  వారం తిరక్కుండానే ఊళ్లో, పెద్దాయన బండి రోగం తనే కనిపెట్టాడని చెప్పుకున్నారు. అత్త మాత్రం దాన్నీ ఒప్పుకోలేదు. పట్టా ఏదో చిన్న సంగతి, అసలు శాంతి నెత్తుటితోనే అయిందని ఆమె నమ్మకం. ఏడాదిపాటు నన్ను అన్న మాటలు ఎవరైనా వెనక్కి తీసుకుంటారని నేను ఎదురుచూశాను. అంత తెలివితక్కువదాన్ని.

పాప కుట్లు విప్పిన తర్వాత ఒక పొద్దున, మామ ఇంజన్ వేసి, వాకిట్లోంచే పిలిచాడు.

"రా పాపా. అబ్బతో పోదాం."

పాప నా చేతిలోంచి జారబోయింది. నేను చంకలో బిగించి పట్టుకున్నాను. మామ నవ్వాడు.

"ఇంగేం సాకు సెప్తావు మే? గేరు పడ్తాంది. బాగు చేసింది నువ్వే కదా."

మొదటిసారి ఒప్పుకున్నాడు, నన్ను ఓడించడానికి ఒప్పుకున్నాడు. అప్పుడు అర్థమైంది నేను చేసుకున్నది. ఏడాది పొడుగునా 'గేరు బాగయ్యేదాకా' అని అడిగాను. గేరు బాగైంది. పైగా ఇప్పుడు పై గేర్లు తేలిగ్గా పడుతున్నాయని, మామ ఇంతకుముందు ఎన్నడూ తోలనంత వేగంగా తోలుతున్నాడు. మిట్ట ఎక్కి రోడ్డు మీద పడ్డాడంటే లారీలకు కూడా దారి ఇవ్వడం లేదు. పాప కూర్చునే చోట పట్టుకోవడానికి లైటు కమ్మీ తప్ప ఇప్పటికీ ఏమీ లేదు.

"పాప ఎక్కదు మామా."

"ఎందుకెక్కదు?"

"నేను ఎక్కించను. గేరు పడినా ఎక్కించను, పడకపోయినా ఎక్కించను."

"అదేంది, కారణం సెప్పు."

"దాని గడ్డం సూడు."

ఇంజన్ అలా తిరుగుతూనే ఉంది. అత్త గడప మీదకు వచ్చింది. నా భర్త బస్సుకు పోవడానికి చెప్పులు వేసుకుంటూ, ఒక చెప్పు కాలికి, ఒకటి చేతికి పట్టుకుని ఆగిపోయాడు. అతను ఏదైనా అంటాడని మామ చూశాడు, నేనూ చూశాను. అతను రెండో చెప్పు కూడా కాలికి వేసుకున్నాడు.

"ఈ ఇంట్లో నా మాట నడవకపోతే" అన్నాడు మామ, "నీ పులివెందులకు నువ్వు పో."

"పోతే బిడ్డతోనే పోతా. అప్పుడు మడ్‌గార్డు మీద ఎవర్ని కూర్చోబెట్టుకుంటావు?"

మామ కడ్డీ మీద చేయి వేశాడు. గేరు చప్పుడు లేకుండా పడింది. బండి మిట్ట ఎక్కి, రోడ్డు తిరిగి, కనుమరుగైంది. పాప "అబ్బా, అబ్బా" అని గొంతు చించుకుంది. నా భుజం కొరికింది. పిడికిళ్లతో నా ముఖం మీద కొట్టింది. అత్త దూరం నుంచి, "కొట్టు, బాగా కొట్టు, అమ్మ శెడ్డది" అంది. వదల్లేదు నేను.

ఆ రోజు నుంచి మామ నాతో మాట్లాడడు. కంచం నేను పెడితే తినడు, అత్త పెడితే తింటాడు. నా భర్త ఇద్దరి మధ్యా తలుపు మాదిరి ఊగుతాడు. పొద్దున ఇంజన్ వేసే వేళకు నేను పాపను గదిలోకి తీసుకుపోయి తలుపు గడియ పెడతాను. అది తలుపును తంతుంది, నన్ను తంతుంది, నాతో ఆడుకోనని అంటుంది. మధ్యాహ్నం దాకా నా ముఖం చూడదు. గడ్డం కింద కుట్ల గీత ఇంకా ఎర్రగానే ఉంది. బయట గేర్లు ఒకదాని తర్వాత ఒకటి మెత్తగా పడటం వింటూ, నేను తలుపుకు వీపు ఆనించి కూర్చుంటాను. నా మీద దానికి ఎంత కోపం ఉంటే అంత ఉండనీ. బండి రోడ్డెక్కేదాకా లేవను.